కొలతల పుస్తకంలో తొమ్మిది మంది, గుడ్డ వచ్చింది ఎనిమిది మందికి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా పొదలకూరు మండలంలో నిమ్మతోటల మధ్య ఉన్న చిన్న ఊరు. నేను ఇంటి దగ్గరే మిషను కుడతాను. మీ పేపరు మా ఇంట్లో రెండు పనులకు వస్తుంది. పొద్దున టీ తాగుతూ చదువుతాను, సాయంత్రం దాని మీదే జాకెట్లు గీసి కత్తిరిస్తాను. మొన్న అలాగే చేతి పీసు గీయబోతుంటే చదువుల పేజీ చేతికొచ్చింది. పదో తరగతి పరీక్షలు, ఇంటర్ కాలేజీలు, ఈఏపీసెట్ ర్యాంకులు. ఎన్ని పేజీలు తిప్పినా ఐదు అయిపోయి ఆరులోకి పోయే పిల్లల గురించి ఒక్క ముక్క లేదు. పెద్దగా రాయడం చేతకాదు, పదో తరగతితో ఆపేసినదాన్ని. కానీ ఈ సంగతి నాకు కొంచెం తెలుసు. ఎట్లా తెలుసంటే, నా దగ్గర ఒక కొలతల పుస్తకం ఉంది.

ఏటా జూన్‌లో బళ్లు తెరిచాక సర్కారు ఇచ్చే బడి కిట్టులో మూడు జతల యూనిఫాం గుడ్డ ఇస్తారు కదా, మా ఊరి పిల్లల గుడ్డ ముప్పావు వంతు నా మిషను కిందికే వస్తుంది. (దానికి ప్రభుత్వం ఇచ్చే కుట్టుకూలి దారానికీ గుండీలకూ సరిపోతుంది. ఆ గోడు ఇంకో ఉత్తరంలో.) పేరు, తరగతి, భుజం, ఛాతీ, నడుము, పొడవు అని గళ్లు గీసుకుని రాస్తాను. పాత పేజీ చూసి పేర్లు ముందే ఎక్కించి పెట్టుకుంటాను, పిల్లలు రాగానే కొత్త కొలతలు వేయడానికి. నిరుడు ఐదో తరగతి అయిపోయినవాళ్లు తొమ్మిది మంది. ఐదుగురు మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు. ఆ నలుగురిలో మా పాప ఒకతె. మా ఊళ్లో బడి ఐదు దాకానే. ఆరుకి నాలుగు కిలోమీటర్ల అవతల హైస్కూలుకి పోవాలి.

జూలై మొదటి వారానికి ఎనిమిది మంది గుడ్డ వచ్చింది. మగపిల్లల తల్లులందరిదీ ఒకటే మాట: "హైస్కూలుకి పోతా ఉండాడు గదక్కా, ఈసారి నిక్కరొద్దు, ప్యాంటు కుట్టు." తొమ్మిదో వాడి పేరు పక్కన గళ్లు ఖాళీగా ఉండిపోయాయి. అంతకుముందు ఏడాది వాడి ఛాతీ ఇరవైనాలుగు అంగుళాలు. చొక్కా అడుగున అంగుళంన్నర లోపలికి మడిచి కుట్టాను, ఎదుగుతాడని.

వాడిది మా ఊరి చివర గిరిజన కాలనీ. ఏ ప్రైవేటు బళ్లోనో వేసుంటారనుకోవడానికి వాళ్లకంత స్తోమత లేదు. మా ఊరి బడి టీచరమ్మని అడిగాను. "టీసీ రాసి పెట్టానమ్మా, ఎవరూ రాలేదు" అంది. హైస్కూల్లో అడిగితే "మా దగ్గర చేరలేదు, మా రిజిస్టర్లో ఆ పేరు లేదు" అన్నారు. గ్రామ సచివాలయంలో విద్యా సహాయకురాలు కంప్యూటర్లో చూసి "డ్రాప్‌బాక్స్‌లో ఉండాడక్కా" అని చెప్పింది. అదేందమ్మా అంటే, ఒక బడి నుంచి బయటికొచ్చి ఇంకో బళ్లో ఎక్కని పిల్లల పేర్లు అందులో పడి ఉంటాయంట. కొత్త బడి వాళ్లు లాక్కునేదాకా అంతే, పోస్టు డబ్బాలో ఉత్తరం మాదిరి.

ముగ్గురూ ఉన్నమాటే చెప్పారు. ఎవరి పని వాళ్లు చేశారు. టీచరమ్మకి టీసీ రాయడంతో పని అయిపోయింది. హైస్కూలు వాళ్లకి పిల్లాడు గేటు దాటి వస్తేగానీ పని మొదలవదు. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ 12 దాకా, ఈ ఏడు వారాలు, ఐదు పాసైన పిల్లలు ఏ బడి పిల్లలూ కాదు. ఆ ఏడు వారాల్లోనే వాడి అమ్మానాన్న అడ్వాన్సు తీసుకుని బాతుల వెంట పోయారు. వరి కోతలయ్యాక మళ్లలో రాలిన గింజలకి బాతుల మందల్ని తోలుకుంటూ ఊరూరూ తిరుగుతారు. వెనక ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి పిల్లాణ్ణీ తీసుకుపోయారు. బళ్లు తెరిచేసరికి వాడు ఏ ఊరి మళ్లలో ఉన్నాడో కాలనీలో ఎవరికీ తెలియదు.

వాడి సంగతి అట్లా ఉంటే, చేరిన ఎనిమిది మంది సంగతి కూడా చెప్పాలి. చేరారు కాబట్టి అంతా బాగుందనుకుంటారు. మా పాప గురించే రాస్తాను, నాకు తెలిసింది అదే కాబట్టి.

మొదటి రోజు బాగానే ఉంది. కిట్టులో ఇంగ్లీషు డిక్షనరీ ఇచ్చారు. ఆరో తరగతికి వస్తేనే ఇస్తారంట. రాత్రి పక్క మీద పెట్టుకుని పడుకుంది. "ఇంత లావు పుస్తకం నాదేనా మా?" అని రెండుసార్లు అడిగింది. వారం తిరిగేసరికి ముఖం వాడిపోయింది. ఊళ్లో ఐదు తరగతులకీ కలిపి ఇద్దరే టీచర్లు. పిల్లల ఇళ్లు తెలుసు, తాతల పేర్లు తెలుసు. అక్కడ బెల్లు కొట్టినప్పుడల్లా ఒకరు పోయి ఇంకొకరు వస్తారు. తెలుగుకొకరు, లెక్కలకొకరు, సైన్సుకొకరు, సోషలుకొకరు. హిందీ అయితే అసలు ఆరులోనే మొదలు, అక్షరాలు దిద్దడం నుంచి. ఏ రోజు ఏ నోటుబుక్కు తీసుకుపోవాలో తెలియక అన్నీ సంచిలో కుక్కుకుని పోయేది. భుజం ఒకపక్కకి ఒరిగిపోయింది. కొలత తీసేదాన్ని కదా, నాకు అట్లాంటివి చటుక్కున కనబడతాయి.

అవన్నీ మెల్లగా సర్దుకునేవే. అసలు బాధ ఇంకోటి. పొద్దున నేను నింపి ఇచ్చిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగా తిరిగి వచ్చేది. తాగలేదేమే అంటే "దాహం కాలేదు" అనేది. జూన్ ఎండలో దాహం కాకపోవడమేంది? నేను పని హడావుడిలో పట్టించుకోలేదు, తప్పు నాదే. పదిహేను రోజులకి జ్వరం, ఒంటికి పోయేటప్పుడు మంట. ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ పాపనే అడిగింది, "బళ్లో ఒంటికి పోతున్నావా?" అని. పాప నా వైపు చూసి ఏడుపు మొదలుపెట్టింది.

మా ఊరి బళ్లో చిటికెన వేలు చూపిస్తే టీచరమ్మ పొమ్మనేది. ఇక్కడ ఎవరికి చూపించాలి? గంటకొక సారు మారుతుంటే. పైగా ఆడపిల్లల బాత్రూముకి తాళం వేసి ఉంటుంది. సాయంత్రం పూట బయటివాళ్లు వచ్చి పాడు చేస్తున్నారని వేశారంట, ఆ కారణం మంచిదే. తాళంచెవి తొమ్మిదో తరగతి లీడరమ్మాయి దగ్గర ఉంటుంది. పాతపిల్లలందరికీ తెలుసు. కొత్తపిల్లలకి మాత్రం ఎవరూ చెప్పలేదు. తాళం చూసి, ఇది మనకు కాదేమో, టీచర్లకేమో అనుకుందంట. ఆ పదిహేను రోజుల్లో ఒక్కసారి కూడా పోలేదు. పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఐదు దాకా బిగబట్టుకుని కూర్చునేది. మిగతా ముగ్గురు ఆడపిల్లల్ని అడిగితే ఇద్దరిదీ అదే వరస.

మా వీధిలో తొమ్మిది చదివే అమ్మాయిని పిలిచి చెప్పాను. మర్నాడు పాపని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి లీడరమ్మాయికి చూపించింది, తాళంచెవి ఎక్కడ తగిలిస్తారో చూపించింది. రెండు నిమిషాల పని. ఈ వయసులోనే ఆడపిల్లలు పెద్దమనుషులవుతారు. అప్పుడు ఈ తాళంచెవి సంగతి తెలియకపోతే ఆ పిల్ల ఇంక బడికే పోనంటుంది. మా ఊళ్లో అట్లా ఏడులో ఆగిపోయినవాళ్లు ఇద్దరున్నారు. ఇప్పుడు నా దగ్గరే కాజాలు కుట్టడం నేర్చుకుంటున్నారు.

ఇక బస్సు. ఉదయం ఒక బస్సు ఏడున్నరకి, ఇంకోటి తొమ్మిదీ పదికి. బళ్లో మొదటి బెల్లు తొమ్మిదికి. అంటే పిల్లలు ఏడున్నర బస్సుకి పోయి తెరవని గేటు ముందు గంట సేపు నిలబడాలి, లేదా రోజూ ఆలస్యంగా పోయి తిట్లు తినాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం చేశాక మా పాపకి టికెట్ బాధ తీరింది. మగపిల్లలకి పన్నెండేళ్ల లోపు, ఏడో తరగతి దాకా ఉచిత పాసు ఉంది. కానీ పాసు కావాలంటే హైస్కూల్లో చేరినట్టు కాగితం కావాలి, పెద్దసారు సంతకం కావాలి, కౌంటరుకి పోవాలి. మొదటి మూడు వారాలు పాసు లేకుండానే గడుస్తాయి. పక్కింటి ఆమె నిమ్మకాయలు కోసే కూలిలోంచి రోజూ పిల్లాడికి రానూపోనూ టికెట్ డబ్బు తీసిపెట్టేది. మూడు కిలోమీటర్లు దాటి పోయే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి నెలకి 600 రూపాయలు రవాణా భత్యం అని ఒకటుంది. ఆ మాట ఆమెకి అక్టోబరులో తెలిసింది, నా ద్వారానే. నాకు జాకెట్లు కుట్టించుకునే ఒక రిటైరైన టీచరమ్మ ద్వారా. ఆటోవాళ్లు మాత్రం జూన్ మొదటి వారంలోనే అడ్వాన్సు అడుగుతారు.

ఆ టీచరమ్మే ఇంకో సంగతి చెప్పింది. విద్యా హక్కు చట్టం, 2009లో వచ్చిందే, అందులో 5వ సెక్షన్ ఉందంట. ఒక బళ్లో పై తరగతులు లేకపోతే ఇంకో బడికి పోవడం పిల్లల హక్కు. పెద్దసారు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడివాళ్లు చేర్చుకోకుండా ఉండకూడదు. మా ఆయన ఫోన్లో పాప వెతికి చూపిస్తే నేనూ చదివాను. మరి మా కాలనీలో ఇంకో పిల్లాడి తల్లి జూన్‌లో మూడుసార్లు హైస్కూలుకి తిరిగింది. ఆధార్‌లో ఒక పుట్టినతేదీ, టీసీలో ఇంకోటి ఉందని సరిచేయించుకు రమ్మన్నారు. ఆ తిరుగుడులో మూడు రోజుల కూలి పోయింది. చేర్చుకుని కూర్చోబెట్టి తర్వాత సరిచేసుకోవచ్చని ఆమెకి తెలియదు. కిటికీ దగ్గర కూర్చున్నాయనకి తెలుసో లేదో నాకు తెలియదు.

2022లో దగ్గర దగ్గర ఊళ్లలో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కూడా హైస్కూళ్లలో కలిపినప్పుడు తల్లిదండ్రులంతా గేట్లకి అడ్డం నిలబడ్డారు. 117 జీవో అన్నారు, తర్వాత 2025లో దాన్ని తీసేశారు. ఎనిమిదేళ్ల పిల్లల్ని అంత దూరం ఎట్లా పంపుతామని అప్పుడు అందరం గట్టిగా అడిగాం. న్యాయమే. పదకొండేళ్ల పిల్లల్ని నాలుగు కిలోమీటర్లు పంపేటప్పుడు మాత్రం ఎవరం ఏమీ అడగం. ఎప్పుడూ ఉండేదే కదా అనుకుంటాం.

ప్రైవేటు బళ్ల వాళ్లని చూడండి. ఏప్రిల్ రాగానే సంచిలో కరపత్రాలు వేసుకుని ఎండలో ఇల్లిల్లూ తిరుగుతారు. మా గడపకే నిరుడు మూడుసార్లు వచ్చారు. మంచినీళ్లడిగి తాగి, పాప పేరడిగి, "వ్యాను మీ ఇంటి ముందే ఆగుతుందమ్మా, ఆయా ఉంటుంది" అని చెప్పిపోయారు. ఫీజు సంగతి పక్కన పెట్టండి, తల్లికి ధైర్యం వచ్చే మాట ఏందో వాళ్లకి తెలుసు. సర్కారు టీచర్లు కూడా తిరుగుతారు, కాదనను. కానీ ఒకటో తరగతిలో చేర్పించమని తిరుగుతారు. ఆరులోకి రమ్మని మా ఊరికి ఎవరూ రాలేదు. ఆ హైస్కూల్లో మంచి టీచర్లు ఉన్నారు. లెక్కల సారు సెలవు రోజున కూడా వచ్చి చెబుతాడు. ఆ సంగతి మాకు తెలిసింది పాప చేరిన నాలుగు నెలలకి. తెలివైన పిల్లలైతే నవోదయ రాస్తారు. మర్రిపాడు దగ్గర కృష్ణాపురంలో ఉందే, అందులో ఆరో తరగతికి ఉండేవి 80 సీట్లు. మిగతా పిల్లలందరూ ఎక్కేది ఆ ఏడున్నర బస్సే.

ఈ ఏడాది మా ఊరి ఐదో తరగతిలో పదకొండు మంది ఉన్నారు. ఇంకో రెండు వారాల్లో వేసవి సెలవులు. నేనడిగేది డబ్బుతో పని లేనిది. సెలవులిచ్చే లోపల ఒక్కరోజు ఈ పదకొండు మందినీ ఆ హైస్కూలుకి తీసుకుపోయి చూపించాలి. పొద్దున పోయి మధ్యాహ్నం అక్కడే భోజనం చేసి రావాలి. ఆరో తరగతి గదిలో ఒక గంట కూర్చోవాలి. కుళాయి ఎక్కడ, కంచాలు ఎక్కడ కడగాలి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఇవి మా పాప లాంటి పిల్లలే చూపిస్తారు, సార్లకి శ్రమ అక్కర్లేదు. వాళ్లతో తల్లి ఒకరు పోతే ఇంకా మంచిది. ఆటో ఖర్చు ఊళ్లో నలుగురం వేసుకుంటాం, ఇద్దరు ఇప్పటికే సరేనన్నారు.

ఆ రోజే మా టీచరమ్మ, ఆ పెద్దసారు పదకొండు పేర్ల కాగితం ఒకటి చేతులు మార్చుకోవాలి. పేరు, తల్లి ఫోను నంబరు, ఆధార్‌లో తేడా ఉంటే ఆ సంగతి. ఆన్‌లైన్‌లో ఉందంటారు, ఉండనీండి. కాగితం చేతిలో ఉంటే జూన్ 20కి ఇంకా రాని పేరు మీద వేలు పెట్టి ఫోను చేస్తారు. ఆరో తరగతికంతా కలిపి ఒక టీచరు ఉంటే బాగుంటుంది, బెల్లుకి మారిపోని మనిషి, చిటికెన వేలు చూపిస్తే గుర్తుపట్టే మనిషి. బస్సు పాసు కాగితం మీద సంతకాలు ఏప్రిల్‌లోనే ఎందుకు పెట్టకూడదో నాకు అర్థం కాదు. బస్సు ఇరవై నిమిషాలు అటూ ఇటూ జరపమని డిపోకి పంచాయతీ తరఫున రాశాం, జవాబు రాలేదు. మీ పేపర్లో పడితే వస్తుందేమో.

మా టీచరమ్మకి ఈ మాట చెబితే "ఆర్డర్ లేకుండా పిల్లల్ని ఊరు దాటించకూడదమ్మా, ఏమన్నా అయితే నా ఉద్యోగం పోతుంది" అంది. ఆమె భయం ఆమెది. అందుకే పైనున్నవాళ్లు ఒక్క కాగితం ఇవ్వాలని ఇది రాస్తున్నా. నా పేరు వేయకండి. ఆమెవి రెండు జాకెట్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

పోయిన వారం మా చెల్లెలు ఇంటికని బుచ్చిరెడ్డిపాళెం వైపు పోయాను. కోతలైన మళ్లలో బాతుల మంద కనబడింది. చేతిలో కర్రకి ప్లాస్టిక్ కవరు కట్టుకుని ఒక పిల్లాడు అదిలిస్తున్నాడు. నేను గుర్తుపట్టలేదు, వాడే "అక్కా" అని గట్టున పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒంటి మీద ఐదో తరగతి చొక్కా. అడుగున నేను వదిలిన మడత ఎవరో విప్పేశారు, అయినా బొడ్డు దాకానే వస్తోంది. బాగుండావా, అమ్మెట్టుంది అని అడిగాను. తలూపాడు. మళ్లీ బడికొస్తావా అంటే కాసేపు బాతుల వైపు చూసి నన్నే అడిగాడు:

"అక్కా, హైస్కూల్లో ఇంగ్లీషు రాకపోతే సారు బెంచీ ఎక్కించి కొడతాడంట గదా. నిజమేనా?"

ఏడాది బట్టి వాడి మనసులో ఉన్నది అదన్నమాట. ఇల్లు వదిలి మళ్లలో పడుకునే పిల్లాడు, పాముల్ని చూసి బెదరనివాడు. ఎవరు చెప్పార్రా అంటే కాలనీలో పెద్దపిల్లలంట. ఒక్కరోజు ముందు వాణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టి ఉంటే, ఆ ఇంగ్లీషు సారు చేత ఒక్క మాట మాట్లాడించి ఉంటే, అమ్మానాన్న బాతుల వెంట పోదాం రా అన్నప్పుడు వీడు ఒక్కసారైనా రానని మొండికేసేవాడేమో. అడ్వాన్సు ముందు వాడి మొండితనం ఎంతసేపు నిలిచేదో చెప్పలేను. కాలనీలో పిల్లల్ని అవ్వల దగ్గర వదిలేసి పోయే ఇళ్లు కూడా ఉన్నాయి.

రిటైరైన టీచరమ్మని మళ్లీ అడిగాను. వాడు ఇప్పుడొచ్చినా వాడి వయసుకి తగిన తరగతిలోనే చేర్చుకోవాలంట, వెనకబడింది విడిగా నేర్పించాలంట. అదే చట్టంలో 4వ సెక్షన్. జూన్‌లో వాడి అమ్మానాన్న ఊరికి వస్తామన్నారు. కొలతల పుస్తకంలో ఈసారి కొత్తపేజీ గీశాను. పదకొండు పేర్లు రాసి, కింద వాడిది పన్నెండోది రాశాను.

మళ్లలో వాడికి నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ సారు కొడతాడో లేదో నాకూ తెలియదు. కనుక్కుని చెప్తాలేరా అని వచ్చేశాను. హైస్కూలు ఏప్రిల్ 23 దాకా తెరిచి ఉంటుందంట సార్.

ఇట్లు,
ఒక కుట్టుపని మనిషి,
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా.